రన్‌వేకీ ఓ లస్కరు కావాలి

విమాన ప్రమాదం అనే మాట వినగానే మన కళ్ళు ఆకాశంకేసి తిరుగుతాయి. ఇంజను చెడిందా, మబ్బు కమ్మిందా, పైలటు పొరపాటా అని మూడు ప్రశ్నలు వేసి, మూడింటికీ మనమే జవాబులు చెప్పుకొని ఊరుకుంటాం. నాలుగో ప్రశ్న ఒకటుంది. అది ఎవరూ అడగరు. ఆ విమానం ఏ నేల మీదనుంచి లేచింది? ఏ నేల మీద దిగబోయింది? ఆ నేలను చూసుకొనేవాడు ఎవడు?

శంషాబాదు, గన్నవరం వంటి పెద్ద విమానాశ్రయాల్లో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. అక్కడ కాంక్రీటుంది, టవరుంది, అగ్నిమాపక దళముంది, రన్‌వే వెంట జీపులో తిరిగి చూసే సిబ్బంది ఉన్నారు. చిన్న విమానాలు దిగే మట్టి రన్‌వే, గడ్డి రన్‌వే సంగతి అట్లా కాదు. అక్కడ చాలాచోట్ల టవరుండదు. గాలి ఎటు తోలుతున్నదో చెప్పడానికి కర్రకు కట్టిన గుడ్డగొట్టం ఒకటి ఉంటే ఉన్నట్టు. అటువంటి చోట భద్రత పైలటు ధైర్యంలో లేదనీ, రోజూ పొద్దున్నే ఆ నేలను నడిచి చూసే మనిషి కాళ్ళలో ఉందనీ నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదొక్కటే.

"శావల్యాపురం రైతుబిడ్డవి, మిరప రేటు సంగతి రాయక విమానాల గొడవ నీకెందుకురా?" అని హాస్టల్లో మిత్రులు వేళాకోళం చేశారు. మన చుట్టుపక్కల ఏమున్నాయో ఒక్కసారి చూడమని వాళ్ళకు నా మనవి. మా ఊరి స్టేషన్లో గుంతకల్లు వైపు పోయే రైలెక్కితే వినుకొండ, కురిచేడు దాటాక దొనకొండ వస్తుంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువాళ్ళు వేసిన విమానాల దిగుడు స్థలం ఉంది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, ఆ స్థలంలో పొదలు మొలిచి పశువుల మేత బీడయింది. ఇటు ఉత్తరానికి పోతే, 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ డ్యాముకు కుడిగట్టున, మాచర్ల దాటాక విజయపురి సౌత్‌లో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకోసం పరిశీలించదలచిన స్థలాల జాబితాలో నాగార్జునసాగర్ పేరు కూడా చేర్చింది. తూర్పున, అద్దంకి అవతల కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల మేర అత్యవసరంగా విమానాలు దిగే ఏర్పాటు చేశారు. 2022 డిసెంబరు 29న అక్కడ మొదటి ప్రయత్నం జరిగింది. 2024 మార్చి 18న వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ విమానాలు ఆ రోడ్డు మీద దిగి మళ్ళీ లేచాయి. సుఖోయ్, హాక్ విమానాలు నేల తాకకుండా కిందుగా వచ్చి పైకి పోయాయి.

అంటే పల్నాటికి మూడు దిక్కులా విమానం దిగే నేల ఉంది. మనకు సంబంధం లేదనడానికి వీల్లేదు. సంబంధం ఎటువంటిదో 2022 ఫిబ్రవరి 26న తెలిసింది. సాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన ఒక శిక్షణ విమానం, సెస్నా 152 రకం, కృష్ణ అవతల నల్గొండ జిల్లా పొలాల్లో కూలింది. అందులో ఒంటరిగా ఎగురుతున్న శిక్షణ పైలటు, ఎంతో భవిష్యత్తున్న యువతి, చనిపోయింది. కారణాలు తేల్చవలసినవారు వేరే ఉన్నారు, వాటి జోలికి నేను పోను. కాని ఒక్కటి గమనించండి. పడినచోటు పొలం. ముందు చూసిందీ, కబురు పంపిందీ పొలాల్లో పనిచేసుకుంటున్న మనుషులే. చిన్న విమానం ఎగిరినా, దిగినా, పడినా దాని ఇరుగుపొరుగు రైతే.

ఇక అసలు విషయంలోకి వద్దాం. చిన్న రన్‌వే మీదనుంచి క్షేమంగా లేవడం, క్షేమంగా దిగడం అనేది ముందు లెక్క, తర్వాతే నేర్పు. ఆ లెక్క మన డిగ్రీ ఫిజిక్సుకు కూడా అక్కర్లేదు, ఇంటర్ ఫిజిక్సు చాలు.

పైన చెప్పిన సెస్నా 152నే తీసుకుందాం. ఇద్దరు కూర్చునే విమానం, 110 అశ్వశక్తి ఇంజను. నిండా బరువెత్తుకున్నా 760 కిలోలు దాటకూడదు. మన ట్రాక్టర్లు చాలావరకు ఇంతకు రెండింతలు తూగుతాయి. సముద్ర మట్టాన, 15 డిగ్రీల చల్లదనంలో, గాలి కదలని రోజున, గట్టి రన్‌వే మీద బయల్దేరి 50 అడుగుల ఎత్తు దాటడానికి దానికి 1,340 అడుగులు, అంటే సుమారు 410 మీటర్లు కావాలని తయారీదారు పుస్తకం చెబుతుంది. "ఇంతేనా! అర కిలోమీటరు కూడా అక్కర్లేదే!" అనిపిస్తుంది. ఇక్కడే మోసం ఉంది.

బ్రిటన్ పౌర విమానయాన అథారిటీవారు చిన్న విమానాల పైలట్లకోసం ఒక కరపత్రం వేశారు. ఆ దేశంలో రైతుల పొలాల్లో గడ్డి రన్‌వేలు ఎక్కువ గనుక అనుభవం మీద కట్టిన లెక్కలవి. లేవడానికి కావలసిన దూరాన్ని ఏది ఎంత పెంచుతుందో అందులో ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే 10 శాతం. నేల వెయ్యి అడుగుల ఎత్తున ఉంటే 10 శాతం. బరువు 10 శాతం పెరిగితే దూరం 20 శాతం. గట్టి నేల మీద పొడి గడ్డి ఉంటే 20 శాతం, తడి గడ్డి అయితే 30 శాతం. నూటికి రెండు వంతున ఎగువకు వాలుంటే 10 శాతం. నేల మెత్తగా ఉంటే 25 శాతం, ఇంకా పైన కూడా. ఇవి ఒకదాని మీద ఒకటి కూడవు, ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. అంతా అయ్యాక, మనిషన్నవాడికి ఏదో లోపం ఉంటుంది, ఇంజను పాతబడి ఉంటుంది అనుకొని మొత్తాన్ని మళ్ళీ 1.33 చేత గుణించమన్నారు.

ఇప్పుడా విమానాన్ని మే నెల మధ్యాహ్నం మన పల్నాడులో నిలబెట్టండి. వేసవి వచ్చిందంటే వార్తల్లో రెంటచింతల పేరు మోగని ఏడాది లేదు గదా! 45 డిగ్రీలు అనుకుందాం, నేల ఎత్తు 200 మీటర్లు అనుకుందాం. 410 మీటర్లు వేడికి 545 అవుతుంది. ఎత్తుకు మరో 35 చేరి 580. పొడి గడ్డికి 700 దగ్గరకు వస్తుంది. భద్రతకోసం చివరి గుణకారం చేస్తే 920 మీటర్లు దాటుతుంది. మొదట చెప్పిన దానికి రెండింతల పైచిలుకు! ఆ పైన వెనకనుంచి గంటకు తొమ్మిది కిలోమీటర్ల పిల్లగాలి, మిరపకల్లంలో తాలు కూడా ఎగరని గాలి, తోలిందనుకోండి. లెక్క 1,100 మీటర్లకు పోతుంది. యంత్రం అదే, పైలటు అదే, రన్‌వే అదే. మారింది ఎండా గాలీ మాత్రమే.

ఎండకు ఇంత బలం ఎక్కడిదంటారా? గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిని రెక్క పట్టుకోలేదు, ఇంజను పీల్చుకోలేదు, పంకా నెట్టలేదు. మూడు దెబ్బలూ ఒక్కసారే. 200 మీటర్ల ఎత్తున 45 డిగ్రీల వేడిలో ఉండే గాలి సాంద్రత, మామూలు వాతావరణంలో 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉండే సాంద్రతకు సమానం. అంటే మాచర్ల దగ్గర మధ్యాహ్నం పూట నిలబడిన విమానం తను మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ మీద ఉన్నాననుకుంటుంది. చుట్టూ చూసే పైలటుకు మాత్రం చదునైన నేలే కనిపిస్తుంది. కంటికి కనిపించని కొండ ఇది. అందుకే వేడి దేశాల్లో చిన్న విమానాలు తెల్లవారుజామునే పని ముగించుకోవాలంటారు. మా ఇళ్ళల్లో ఎండాకాలం పొద్దు పొడవకముందే చేలో పని తెముల్చుకోవడం తాతల కాలంనుంచీ ఉన్నదే. కారణం వేరు, తెలివి ఒకటే.

లెక్క తప్పిందని పరుగులో ఉండగా తెలుసుకోవడం ఎట్లా? దీనికి పైలట్లు ఒక సూత్రం పాటిస్తారు: రన్‌వేలో సగం దూరం వచ్చేసరికి, లేవడానికి కావలసిన వేగంలో 70 శాతం రాకపోతే, మారుమాట లేకుండా ఆపెయ్యాలి. ఈ 70 ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మొదట ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే మనం బట్టీ పట్టిన సూత్రమే. త్వరణం స్థిరంగా ఉన్నప్పుడు వేగం వర్గం దూరానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సగం దూరానికి వేగం సగం కాదు, రెండు వర్గమూలంలో సగం, అంటే దాదాపు 71 శాతం. నిజానికి వేగం పెరిగేకొద్దీ త్వరణం తగ్గుతుంది కాబట్టి సగం దూరానికి ఇంకాస్త ఎక్కువే రావాలి. 70 కూడా రాలేదంటే ఎక్కడో తేడా ఉందన్నమాటే. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయిన సూత్రం ఒక మనిషి ప్రాణం నిలబెడుతుంది. కాని ఆ సూత్రం పనిచెయ్యాలంటే సగం దూరం ఎక్కడో పైలటుకు కనబడాలి. దానికి కావలసింది సున్నం కొట్టిన నాలుగు రాళ్ళు. అవి పాతేవాడూ, ఏటా సున్నం కొట్టేవాడూ కావాలి. నేను మొదట చెప్పిన మనిషి దగ్గరికే మళ్ళీ వచ్చాం.

దిగేటప్పుడూ ఇదే వర్గసూత్రం. రావలసిన వేగం కంటే 10 శాతం ఎక్కువ వేగంతో వస్తే ఆగడానికి 21 శాతం ఎక్కువ నేల కావాలి. తడి గడ్డి అయితే మరో 35 శాతం చేర్చుకోమంటుంది ఆ కరపత్రం. వానలో చేలగట్టు మీద మోటారు సైకిలు నడిపిన ప్రతి కుర్రాడికీ తడిగడ్డి మీద బ్రేకు ఏపాటి పనిచేస్తుందో తెలుసు. కాబట్టి మంచి పైలటు ముందు ఒకసారి రన్‌వే మీదుగా కిందుగా ఎగిరి నేలను చూసుకుంటాడు. పశువులున్నాయా, నీళ్ళు నిలిచాయా, గాలిగుడ్డ ఎటు ఊగుతోంది అని చూసుకొని, చుట్టు తిరిగి వచ్చి, ముందుగా అనుకున్నచోట చక్రం ఆనిస్తాడు. అనుకున్నచోట ఆనకపోతే, ఇంకా నేల మిగిలుండగానే, ఇంజనుకు బలమిచ్చి మళ్ళీ పైకి పోతాడు. మళ్ళీ పైకి పోవడం చేతకానితనం కాదు. అదే అసలైన చేతనైనతనం.

మెత్తని నేల మీదనుంచి లేవడంలోనూ ఒక పద్ధతి ఉంది. ముందు చక్రం బురదలో దిగబడకుండా ముక్కు ఎత్తిపట్టి, మధ్యలో ఆగకుండా పరుగు సాగిస్తారు. నేలను వదిలాక వెంటనే పైకి లాగరు. నేలకు దగ్గరగా ఉన్నంతసేపు రెక్కకు గాలి ఆసరా ఎక్కువ, ఆ ఆసరా మీదే కాసేపు నేల వెంబడి సాగి, వేగం పుంజుకున్నాక పైకెక్కుతారు. తొందరపడి లాగినవాడికి ఆ ఆసరా పోతుంది, విమానం మళ్ళీ కిందికి కూలబడుతుంది.

ఇక నేల సంగతి. ఇక్కడ నేను పైలట్ల పుస్తకాలు పక్కన పెట్టి రైతుబిడ్డగా మాట్లాడతాను. మా వైపు నల్లరేగడి ఎక్కువ. నల్లరేగడి స్వభావం మీకు చెప్పాలా? వాన పడితే కాలికి చెప్పులా అంటుకుంటుంది, ఎండితే అరచెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుపోయే బంకమట్టి అది. దాని మీద చదును చేసి వదిలేసిన రన్‌వే ఒక్క ఏడాది కూడా చదునుగా ఉండదు. చిన్న విమానం చక్రం మన మోపెడ్ చక్రం పాటి కూడా ఉండదు. అది నెర్రెలో పడితే ముందరి కాలు విరుగుతుంది, పంకా నేలకు కొట్టుకుంటుంది. ఎర్రనేల అయితే గట్టిగా ఉంటుంది గాని వానకు కోసుకుపోయి గండ్లు పడతాయి. పందికొక్కులు ఏ నేలనూ వదలవు.

దీనికి మందు రైతుకు తెలిసినదే. నడుమ కొంచెం మిట్టగా, పక్కలకు వాలుగా నేల తీర్చాలి. రెండువైపులా కాలువ తియ్యాలి. నీరు నిలవకపోతే సగం రోగం పోయినట్టే. పైన గడ్డి పెంచాలి. ఏ గడ్డి? గరిక! మనం చేలో పీకి పీకి విసిగిపోయే గరికే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గడ్డి రన్‌వేలకు ఏరికోరి పెంచుతారు. ఎండకు చావదు, తొక్కితే చావదు, వేళ్ళతో మట్టిని వలలా పట్టి ఉంచుతుంది. రైతుకు శత్రువు, రన్‌వేకు చుట్టం. కాకపోతే కోస్తూ ఉండాలి. పెరిగిన గడ్డి చక్రాన్ని వెనక్కి లాగుతుంది, గుంతల్ని దాచేస్తుంది, ఎండితే నిప్పు రవ్వకు అంటుకుంటుంది. గడ్డి ఎత్తు చక్రం వ్యాసంలో మూడోవంతుకు లోపు ఉండాలని ఒక వాడుక.

"ఇంత శ్రద్ధ పల్లెటూరి జనం వల్ల అవుతుందా?" అనేవాళ్ళకు నేపాలులోని లుక్లా కథ చెబుతాను. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ పూనికతో 1964లో కొండ అంచున అక్కడ రన్‌వే వేశారు. నేల మెత్తగా ఉందని హిల్లరీ షెర్పాల చేత కాళ్ళు తాటించే వాళ్ళ నాట్యం ఆడించి నేల గట్టిపరిచారని చెబుతారు. మన కల్లం చేసే పద్ధతి కాదూ ఇది? నేల తడిపి, తొక్కి, పేడతో అలికి, గింజ కూడా దూరనంత గట్టిగా చెయ్యడం మన తాతలకు రాదా? 2001లో తారు వేసేదాకా లుక్లా రన్‌వే కచ్చా రన్‌వేయే. ఎవరెస్టుకు పోయేవాళ్ళు అన్నేళ్ళూ దాని మీదే దిగారు.

నేల తర్వాత, నేల చుట్టూ ఉన్న మనం. ఇది కొంచెం చేదుగా ఉంటుంది, మన్నించండి. బోరు మోటారుకు కరెంటు తీగ లాక్కున్నప్పుడు అది ఏ దారికి అడ్డమో మనం చూసుకోం. పైనుంచి వచ్చే పైలటుకు స్తంభం కనిపిస్తుంది గాని తీగ కనిపించదు. చదునైన తారు ఎక్కడ కనబడితే అక్కడ వడ్లో మిరపకాయలో ఆరబోస్తాం. ఖాళీ జాగా కనబడితే గేదెల్ని తోలుతాం. చచ్చిన పశువును తెచ్చి ఊరవతల పారేస్తే గద్దలు గుమికూడతాయి, ఒక్క గద్ద తగిలినా చిన్న విమానానికి ప్రాణాంతకమే. ఇప్పుడు కొత్తగా మందు కొట్టే డ్రోన్లు వచ్చాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మామూలుచోట 400 అడుగుల దాకా ఎగరవెయ్యవచ్చు, విమానాశ్రయం హద్దునుంచి 8, 12 కిలోమీటర్ల నడుమ అయితే 200 అడుగులే. డ్రోన్ అద్దెకు తెచ్చుకునే రైతుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు?

హెలికాప్టర్ల సంగతి మీరు చూసిందే. ఎన్నికలొస్తే చాలు, కోత కోసిన చేలో సున్నంతో గుండ్రంగా గీత గీసి హెలిప్యాడ్ అంటారు. దుమ్ము లేస్తుంటే వందల మంది కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకొని దాని కిందికే పరిగెత్తుతారు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ చేపల చెరువులో కూలి మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు నల్లమలలో, చెడు వాతావరణంలో, హెలికాప్టర్ కూలి మరణించారు. ఇంత పెద్దవాళ్ళను పోగొట్టుకున్న రాష్ట్రం మనది. అయినా "ఈ పూట ఎగరడం మంచిది కాదు" అన్న పైలటును "భయస్థుడు" అనే అలవాటు మనలోనుంచి పోలేదు. నాయకుడు ఆలస్యమైతే మైకులో క్షమాపణ చెబుతారే గాని, పైలటు ఆపాడని చెప్పి చప్పట్లు కొట్టించిన సభ నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు నా ప్రతిపాదన. సాగర్ కుడికాలువ నీళ్ళు తాగి పెరిగిన మనకు లస్కరు అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. ఇంజనీరు డిజైను గీస్తాడు, కాంట్రాక్టరు కడతాడు, మంత్రి ప్రారంభిస్తాడు. కాని కాలువగట్టు వెంబడి రోజూ నడిచి, ఎక్కడ ఎలుకబొరియ పడింది, ఎక్కడ నీరు ఊరుతోంది, ఎవడు తూము పగలగొట్టాడు అని చూసేవాడు లస్కరు. చిన్న గండిని పెద్ద గండి కాకుండా ఆపేది అతనే. ప్రతి చిన్న రన్‌వేకూ అటువంటి లస్కరు కావాలి. ఆ పక్క ఊరివాడే అయి ఉండాలి, పదో తరగతో ఇంటరో చదివి ఉండాలి, జీతం సరిగ్గా నెలనెలా ఇవ్వాలి.

అతని పని ఇది. తెల్లారగానే రన్‌వే ఈ కొసనుంచి ఆ కొసకు నడవాలి. గుంత కనబడితే మట్టి పోసి దిమ్మిస చెయ్యాలి. వారానికోసారి జీపులోనో కారులోనో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో రన్‌వే పొడుగునా పోవాలి. కుదుపు తెలియకుండా పోగలిగితే నేల బాగున్నట్టు, ఇది చిన్న రన్‌వేల దగ్గర పాతకాలంనుంచీ ఉన్న పరీక్ష. గాలిగుడ్డ చిరిగితే మార్చాలి. ఒక బోర్డు మీద రన్‌వే పొడవు, వాలు, ఎత్తు, తీగలు ఏ కొసన ఉన్నాయి, ఈ రోజు నేల పొడా తడా, వేడి ఎంత అన్నవి సుద్దతో రాయాలి, ఫోను చేసిన పైలటుకు అవే చదివి వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, "ఈ పూట నేల బాగాలేదు, దిగొద్దు" అని చెప్పే అధికారం అతనికి రాతపూర్వకంగా ఉండాలి. కలెక్టరుగారు వస్తున్నా, మంత్రిగారు వస్తున్నా ఆ మాట చెల్లాలి.

రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది: "మా ఊరికి బస్సే సరిగ్గా రాదు, విమానం ఎవరిక్కావాలి?" న్యాయమైన మాటే. బస్సు ముందు రావాలి, నేనూ ఆ బస్సుకోసం ఎదురుచూసినవాణ్ణే. కాని విమానాలు మనల్ని అడిగి రావడం లేదు. శిక్షణ విమానాలు వచ్చాయి, రోడ్డు మీద వాయుసేన విమానాలు దిగాయి, ఎన్నికలకు హెలికాప్టర్లు వస్తున్నాయి. వచ్చేవి వస్తుండగా భద్రత వద్దనుకుంటే పోయేది వచ్చినవాళ్ళ ప్రాణాలూ మన ప్రాణాలూ. ఆ పైన, తుపాను వచ్చి రోడ్లు తెగినప్పుడు, రోగిని గంటలో పెద్దాసుపత్రికి చేర్చవలసినప్పుడు చిన్న రన్‌వే అక్కరకొస్తుంది, అది బాగుంటేనే.

రెండోది: "చిన్నదెందుకు, పెద్ద విమానాశ్రయమే రానియ్యండి. భూముల రేట్లు పెరుగుతాయి." ఈ మాట రచ్చబండ దగ్గర ఎక్కువ వినబడుతుంది. నేను లెక్క చెబుతాను. వెయ్యి మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు అంటే పదిహేను ఎకరాల కంటే తక్కువ. పక్కన కాలువలకూ, రెండు కొసల్లో తీగలు లేని ఖాళీకీ ఇంకొంత కలుపుకున్నా, పెద్ద విమానాశ్రయానికి కావలసిన వందలు, వేల ఎకరాల ముందు అదెంత? సాగర్ దగ్గర, దొనకొండ దగ్గర పాత స్థలాలు ముందే ఉన్నాయి. ఉన్నదాన్ని చక్కగా ఉంచుకోవడం చేతకాని మనం కొత్తదానికోసం మిరప పండే నేలను ఇస్తామంటే, తర్వాత దాన్ని మాత్రం ఎవరు చూసుకుంటారు? దొనకొండ మనకు చెప్పే పాఠం ఇదే. రన్‌వే వెయ్యడం యుద్ధకాలంలో తొందరగా అయిపోయింది. దాన్ని నిలబెట్టుకోవడానికి మనిషి లేక బీడయింది.

చివరిగా మన కళాశాల విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు, పూర్వవిద్యార్థులకు ఒక విన్నపం. ఏటా జాతీయ సేవా పథకం శిబిరాల్లో మనం రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. మంచిదే. ఈ ఏడు ఒక్క శిబిరం విజయపురి సౌత్ చుట్టుపక్కల ఊళ్ళల్లో పెట్టుకుందాం. అధికారుల అనుమతి తీసుకొని, రన్‌వే రెండు కొసలకూ ఎదురుగా ఉన్న కరెంటు తీగలు, సెల్ టవర్లు, పెద్ద చెట్లు, చెత్తకుప్పలు, పశువుల దారులు ఒక పటం మీద గుర్తిద్దాం. ఫిజిక్సు వాళ్ళు ఎత్తులు కొలవండి, వృక్షశాస్త్రం వాళ్ళు నేల మీద ఏ గడ్డి ఉందో చూడండి, జంతుశాస్త్రం వాళ్ళు పక్షుల లెక్క తీయండి. ఊళ్ళో రైతులతో కూర్చుని డ్రోన్ల నిబంధన, తీగల సంగతి మన మాటల్లో చెబుదాం. ఆ పటం ఒక ప్రతి జిల్లా కలెక్టరుగారికి, ఒకటి పౌర విమానయాన శాఖకు పంపుదాం. పంపేటప్పుడు పైన ఒక్క వాక్యం రాద్దాం: విమానాశ్రయం ఎప్పుడు కడతారో మీ ఇష్టం, ఉన్న రన్‌వేకు ముందు ఒక లస్కరును వెయ్యండి.